లోపల వదిలిన గుడ్డ

అంకెలొక్కటే నాకొచ్చిన చదువు.
సిరొంచ బజార్ల ఎవలి భుజమెంతో, ఎవలి నడుమెంతో
వహీల రాసుకునేటోన్ని.
పోచుబాయి కొలత మాత్రం ఎన్నడు రాయలే,
చేతికే యాదుండేది.

ఈ యేడు రాసిన.
హోళీకి ముప్ఫై నాలుగు.
మిరుగు నాటికి ముప్ఫై ఒకటి.
పొలాల పండుగకు ఇరవై ఎనిమిది.
పక్కలు విప్పుడు, లోపలికి జరిపి కుట్టుడు.
డాక్టరు కాయితం కన్న ముందుగాల
నా సుద్దముక్కకే తెలిసింది.

వంతెన అవతలి పెద్ద దవాఖానోళ్లు
ఇగ ఇంటికి తీస్కపో అన్నరు.
ఇంట్ల ఏం చెయ్యాల్నో చెప్పలే.
చంద్రాపూర్ నర్సమ్మ వైశాలి ఫోన్ల నేర్పింది:
రెండు గంటలకోపారి పక్క మార్చు,
మడిమ కింద పాతచీర మడత పెట్టు,
పెదవులెండితె తడిగుడ్డ అద్దు, నీళ్లు పొయ్యకు,
గోలీ నొప్పి లేచినంక కాదు, లేవకముందే.
రాత్రంత షర్టులకు కాజాలు కుట్టుకుంట కూసున్న.
పన్నెండు కాజాలైతె రెండు గంటలు.
గడియారం దిక్కు చూసే పని పడలే.

ఓనాడు పక్కింటి ప్రణాలిని పిలిచి
"నోట్‌బుక్కు తే బిడ్డా, రాసుకో" అన్నది.
ఆ పిల్లది మరాఠీ బడి.
ఈమె తెలుగుల చెప్తాంటె
ఆమె మరాఠీ అక్షరాలల్ల తెలుగు రాస్తాంది.
నేను వినొద్దని మిషిను తొక్కిన,
సూది కింద గుడ్డ లేకున్నా తొక్కిన.

అటెన్క నన్ను పిలిచింది.
"నాకో జాకెట్టు కుట్టు. పచ్చది.
ముందట హుక్కులొద్దు.
ఎనుక మొత్తం తెరిచి నాడాలు పెట్టు.
మీ అమ్మకు తొడిగేటప్పుడు చూసిన,
చేతులు బిగుసుకపోయి ఎంత కష్టమయ్యిందో.
నాకు తొడిగేటోళ్లకు ఆ తిప్పలొద్దు."
సరే అన్న.
పచ్చల ఏ పచ్చ అని అడిగిన.
చిలకపచ్చనట.

తెల్లారకముందు, పదకొండో కాజా కాడ
ఆమె ఊపిరి ఆగింది.
పన్నెండోది ఇయ్యాల్టికీ కుట్టలే.
ఆ షర్టు ఎవలిదో వాళ్లడగలే.

ప్రణాలి నోట్‌బుక్కు తెరిచి చదివింది.
మరాఠీ అక్షరాలల్లకెల్లి
మా పోచుబాయి మాట్లాడింది:
"పాలామెకు పదకొండు రోజుల పైసలు బాకీ.
గ్యాసు కార్డు బియ్యం డబ్బల, అడుగున.
డప్పులొద్దు, గల్లీల పిల్లలకు పరీక్షలున్నయి.
మా తమ్మునికి అప్పుడే చెప్పకుండ్రి, వాడు బస్సు నడుపుతడు,
దిగినంక చెప్పుండ్రి.
దాఖలాలు ఆరు తీయించుండ్రి, ఒక్కటి చాలదు,
పేరు సక్కగ రాయించుండ్రి.
ఈయన తినడు. తింటవా అని అడగద్దు,
గిన్నె పెట్టి పొండ్రి."
ఆ పిల్ల ఆగి, కండ్లు తుడుచుకొని
మళ్ల ఆఖరి ముక్క చదివింది:
"రేడియో మామకు ఇయ్యుండ్రి.
ఇల్లు సప్పుడు లేకుంటె ఆయనకు నిద్ర రాదు."

ప్రాణహిత ఒడ్డుకు తీస్కపోయినం.
నీళ్లు ఎర్రగున్నయి, ఎగువల ఎక్కడో వాన.

నగర పంచాయతీల క్లర్కు తలెత్తకుండ
ఆమెకు నువ్వేమైతవు అని అడిగిండు.
దర్జీని అన్న.
అప్పుడు తలెత్తిండు.
ఏమనుకున్నడో, కాసేపు పెన్ను పట్టుకొని కూసుండి
భర్త అని రాసుకున్నడు.

వైశాలమ్మ ఇంక ఫోన్ చేస్తది.
ఆమెకు పని లేదు నా తోని ఇప్పుడు.
పండుకుంటున్నవా అంటది.
రెండు గంటలకోపారి మెలకువొస్తాంది, ఏం చెయ్యాలె అన్న.
కొన్నాళ్లు లేవు, లేచి నీళ్లు తాగు,
చెయ్యికి చెప్పాలె కద, మెల్లగ చెప్పు అన్నది.

చెయ్యి అంటె యాదికొచ్చింది.
ఎవలికి చెప్పలే ఈ ముచ్చట.
ఆ చిలకపచ్చ జాకెట్టు పక్కలల్ల
రెండంగుళాల గుడ్డ లోపల వదిలిన.
అందరికీ అట్లనే వదులుత,
రేపు ఒళ్లు చేస్తె విప్పుకుంటరని.
కోసేద్దామని కత్తెర తీసిన.
మళ్ల పెట్టిన.